మీకు తెలుసా? టార్చి సెల్ గుట్టు దాని నంబర్‌లోనే ఉంది!

రీఛార్జబుల్ సెల్ మీద 18650 అని చూశారా? మోడల్ నంబర్ అనుకున్నారా? కాదండీ, కొలతలు! మొదటి రెండంకెలు అడ్డుకొలత, 18 మిల్లీమీటర్లు. తర్వాతి రెండూ పొడవు, 65 మిల్లీమీటర్లు. చివరి సున్నా? గుండ్రటి సెల్ అని చెప్పే గుర్తు! ఇక 21700 కొలతలు మీరే చెప్పేయండి చూద్దాం!

ఇంకో విషయం వినండి! 65 అని రాసి ఉన్న సెల్ ఒక్కోసారి దాదాపు 70 మిల్లీమీటర్లు ఉంటుంది! కొన్ని సెల్స్ అడుగున ఓ బుల్లి సర్క్యూట్ బిళ్ల అతికిస్తారు. సెల్‌కి కాపలా దానిదే! కానీ ఆ కాస్త పొడవుకే కొన్ని టార్చిల మూత బిగుసుకోదు. బలవంతంగా తిప్పకండి! సెల్ నొక్కుకుపోతుంది!

పెన్సిల్ సెల్ సైజులోనే లిథియం సెల్ కూడా ఉంది! పేరు 14500. పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. కానీ పెన్సిల్ సెల్ ఇచ్చేది 1.5 వోల్టులు. ఇది నిండుగా ఛార్జి అయితే 4.2! దాదాపు మూడు రెట్లు! మామూలు టార్చిలో వేశారా, లైటు మాడిపోవచ్చు! టార్చి మీదో, దాని పెట్టె మీదో 14500 అని ఉంటేనే వేయండి!

కొత్త సెల్, నిండా ఛార్జి, అయినా టార్చి వెలగదు! ఎందుకో తెలుసా? ఒక్క మిల్లీమీటర్ బొడిపె లేక! కొన్ని సెల్స్ తల చదునుగా ఉంటుంది. కొన్ని టార్చిల్లో ప్లస్ వైపు ప్లాస్టిక్ అంచు ఉంటుంది. సెల్ తిరగేసి వేసినా ప్రమాదం జరగకుండా ఆ ఏర్పాటు! చదును తల ఆ అంచు దాటి లోపలికి అందదు. అలాంటి టార్చికి బొడిపె ఉన్న సెల్ అడిగి తీసుకోండి!

ఆన్‌లైన్‌లో 18650 సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని కనిపించిందా? నమ్మకండి! పేరున్న కంపెనీలకే ఈ సైజులో 4,000 దాటడం గగనం! స్టిక్కర్ మీద అంకె ఎంత పెద్దదైతే అంత అనుమానించండి!

నకిలీని పట్టే యంత్రం మీ వంటింట్లోనే ఉంది! కేకు పిండి తూచే డిజిటల్ కాటా! అసలైన 18650 సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. మీది 30 దగ్గరే ఆగిందా? లోపల సరుకు లేదన్నమాట!

ఎక్కువ ఎంఏహెచ్ ఉంటే వెలుగు ఎక్కువనుకుంటున్నారా? అస్సలు కాదు! అది ఎంతసేపు వెలుగుతుందో చెప్పే అంకె. జిగేల్‌మనే టార్చికి కావాల్సింది ఆంపియర్లు! కొన్ని 18650 సెల్స్ ఏకంగా 30 ఆంపియర్లు ఇస్తాయి! ఫ్రిజ్ పెట్టే పెద్ద ప్లగ్గుకి కూడా అన్ని ఆంపియర్లు ఉండవు! అక్కడ వోల్టులు ఎక్కువనుకోండి, అది వేరే సంగతి!

టార్చిలో రెండు సెల్స్ వరసగా పడతాయా? ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయకండి! రెండూ కలిస్తే 8.4 వోల్టులు. పాతది ముందే ఖాళీ అవుతుంది. కొత్తది దాన్ని వదలదు! దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటుంది. పాత సెల్ వేడెక్కి పగిలిపోనూ వచ్చు! జోడీగా కొనండి, జోడీగానే ఛార్జి చేయండి!

హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారా? గడ్డకట్టే చలిలోనూ టార్చి వెలుగుతుంది. కానీ 0 డిగ్రీల కింద సెల్ ఛార్జి పెట్టారో, లోపల లిథియం లోహం పేరుకుంటుంది! సెల్ అక్కడితో పాడవుతుంది. ముందు సెల్‌ని గది వేడికి రానివ్వండి, ఆ తర్వాతే ఛార్జరు!

విమానం ఎక్కుతున్నారా? విడి సెల్స్ చెకిన్ సూట్‌కేసులో పెట్టకూడదు! చేతిసంచీలోనే ఉండాలి, అదీ డబ్బీలో! మామూలు పరిమితి 100 వాట్ అవర్లు. మన 18650 అందులో దాదాపు ఎనిమిదో వంతే! అయినా సరే, సామాన్ల గదిలోకి నో ఎంట్రీ! అక్కడ మంట లేస్తే ఆర్పేవాళ్లుండరు మరి!

ఆఖరిది వినండి, నోరెళ్లబెడతారు! 2008లో టెస్లా మొదటి కారు రోడ్‌స్టర్ రోడ్డెక్కింది. దాన్ని నడిపించిన సెల్ సైజు ఏంటో తెలుసా? మీ టార్చిలో ఉన్న 18650నే! కాకపోతే ఒకటి కాదు, 6,831!