దగ్గరి చూపు

నలభై ఏళ్లు దాటిన వారికి చత్వారం వస్తుంది. పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుంటే తప్ప అక్షరం కుదురుగా కనబడదు. అద్దాల దుకాణంలో ఒక కుంభాకార కటకాన్ని కంటి ముందు ఉంచగానే అదే అక్షరం చేతికందే దూరంలో స్పష్టమవుతుంది. జేబులో పట్టే చిన్న కెమెరా స్థితి కూడా ఇటువంటిదే. దూరపు వస్తువులను చక్కగా చూడగల దాని కన్ను, బాగా దగ్గరకు తెచ్చిన వస్తువు ముందు తడబడుతుంది. ఆ కంటికి కూడా చత్వారపు అద్దం పెట్టవచ్చును. ఆ విధానాన్ని మన విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది కేవలం వినోదం కాదని చివరకు మనవి చేయగలము.

కటకం సామర్థ్యాన్ని డయాప్టర్లలో కొలుస్తారు. నాభ్యంతరం ఒక మీటరు అయితే సామర్థ్యం +1. అర మీటరు అయితే +2, 25 సెంటీమీటర్లు అయితే +4, 10 సెంటీమీటర్లు అయితే +10. కళ్లద్దాల చీటీలో వైద్యుడు రాసే అంకెలు కూడా ఇవే. కెమెరా అనంత దూరాన్ని చూస్తున్నప్పుడు దాని ముందు +4 కటకం ఉంచితే, కటకానికి 25 సెంటీమీటర్ల దూరంలోని వస్తువు స్పష్టంగా పడుతుంది. +10 ఉంచితే ఆ దూరం 10 సెంటీమీటర్లకు తగ్గుతుంది. +2, +4 కటకాలను కలిపి వాడితే సుమారు +6 అవుతుంది. అప్పుడు బలమైన దానిని కెమెరా వైపు ఉంచవలెను. ఈ పద్ధతిలో లోపలికి వచ్చే వెలుతురు తగ్గకపోవడం మరొక సౌకర్యం.

ఒక లెక్క చూద్దాము. మా వద్దనున్న కెమెరా జూమ్ చివర నాభ్యంతరం 20 మిల్లీమీటర్లు. అక్కడ అది ఒక మీటరు కన్న దగ్గరి వస్తువును చూడలేదు. ఒక మిల్లీమీటరు పొడవున్న పురుగును మీటరు దూరం నుండి తీస్తే, దాని ప్రతిబింబం మిల్లీమీటరులో యాభయ్యవ వంతు మాత్రమే. కెమెరా లోపలి ఫలకం సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు. అందులో వరుసకు 4,000 చుక్కలు. అంటే ఆ పురుగు పొడవుకు దక్కేవి 13 చుక్కలు. అది పురుగో దుమ్మో చెప్పలేము. +10 కటకం తగిలిస్తే ప్రతిబింబం వస్తువులో అయిదవ వంతు అవుతుంది. చుక్కలు 130కి పెరుగుతాయి. తల, నడుము, కాళ్లు వేరుగా తెలుస్తాయి. చిన్న గాజు బిళ్ల చేసిన పని ఇది.

చవక కటకానికి లోపం లేకపోలేదు. ఒంటి గాజు రంగులను ఒకే చోట కూర్చలేదు. అందువలన చిత్రం అంచుల్లో ఊదా, పసుపు చారలు కనబడతాయి. రెండు రకాల గాజులను జతచేసి ఈ దోషాన్ని తగ్గించే కటకానికి లండన్‌లో జాన్ డాలండ్ 1758లో పేటెంటు పొందినాడు. అటువంటివి కొంత ఖరీదు. ఒంటి గాజుతోనే సరిపెట్టుకునేవారు వస్తువును చిత్రం నడుమ ఉంచితే చాలును. డచ్చి దేశపు డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్ ఒంటి కటకంతోనే నీటిబొట్టులోని సూక్ష్మజీవులను చూసి, 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాసినాడు. బట్టలోని పోగులను భూతద్దంతో లెక్కించడం ఆ వర్తకుల వృత్తిలో భాగం. చీరాల మగ్గాల చప్పుడు విని పెరిగిన మన విద్యార్థులకు ఈ సంగతి కొత్తగా తోచదనుకుంటాము.

2021 డిసెంబరులో కొందరు విద్యార్థులను అభ్యాసం కోసం వాడరేవు తీరానికి తీసుకువెళ్లినాము. ఆనాడు ప్రకాశం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లాలో ఉన్నది. నల్ల అట్టను గొట్టంగా చుట్టి, దాని కొసన +10 కటకాన్ని బిగించి, కెమెరా ముందు తొడిగినాము. మొదటి గంటలో తీసిన చిత్రాలలో ఒక్కటి కూడా పనికి రాలేదు. వస్తువు ఎంత పెద్దదిగా కనబడుతుందో చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుందని మేము పాఠంలో చెప్పినాము గాని, మా చేతికి అది తెలియలేదు. ఫ్లాష్ వేస్తే అట్టగొట్టం నీడ ఇసుక మీద పడినది. అంతలో గాలి లేచి, కటకం మీద ఉప్పుతుంపర పేరుకున్నది.

తప్పుల నుండి నేర్చుకున్నవి ఇవి. గాలి లేవక ముందే, ఉదయపు వెలుతురులో పని ముగించవలెను. మోచేతులను నేలకో మోకాలికో ఆనించవలెను. వస్తువు స్పష్టమయ్యే పొర పలచగా ఉంటుంది గనుక, కెమెరాను దూరం మార్చనీయక, మన శరీరాన్నే వెంట్రుకవాసి ముందుకు వెనుకకు జరుపుతూ నాలుగైదు చిత్రాలు తీయవలెను. ఫ్లాష్ తప్పనిసరి అయితే తెల్ల చేతిరుమాలు అడ్డుపెట్టవలెను. ఇసుక పడిన కటకాన్ని ముందు ఊది, తరువాతనే తుడవవలెను.

ఆ ఉదయం ఒక వృద్ధ మత్స్యకారుడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఆ వల ముడిని తీసిన చిత్రంలో నైలాను దారం పీచులుగా విడిపోయి ఉండడం చూసి, సంతోషంతో ఆయనకు చూపినాము. ఆయన నవ్వి, "వేలితో తడిమితే తెలిసిపోయేదానికి ఈ పెట్టె ఎందుకు సారూ?" అన్నాడు. మాకు జవాబు తోచలేదు. జవాబు వారం రోజుల తరువాత మిరప తోటలో దొరికినది.

మాతో వచ్చిన విద్యార్థి ఒకని తండ్రి కౌలుకు మిరప వేసినాడు. చెట్టు నిండా పూత ఉన్నా కాయ నిలవడం లేదు. మంచు వలన రాలుతున్నదని ఒకరు, ఎరువు చాలలేదని ఒకరు చెప్పినారు. ఒక దుకాణంలో మూడు మందులు కలిపి ఇచ్చినారు. మిరపలో తామర పురుగు చేరితే ఆకు పైకి ముడుచుకుంటుందని, నల్లి చేరితే కిందికి ముడుచుకుంటుందని రైతులకు తెలిసినదే. ఒకదాని మందు రెండవదానికి పనిచేయకపోవచ్చును. కాని ఇక్కడ జబ్బు పూవులో ఉన్నది. విద్యార్థి అట్టగొట్టం తీసుకుపోయి, పూవును తెల్లకాగితం మీద దులిపి, పక్కన స్కేలు పెట్టి చిత్రం తీసినాడు. మిల్లీమీటరు పొడవున్న నల్లని పురుగులు పదికి పైగా ఉన్నవి.

2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయి మీద మన దేశంలో మొదట గుర్తించబడిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు, 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను ముంచెత్తినది. అది పూవులో దాగి తింటుంది. చిత్రాన్ని బట్టి జాతిని నిశ్చయించరాదు. అందుకు నిపుణులు, సూక్ష్మదర్శిని కావలెను. అయినా ఆ చిత్రాన్ని చూసిన వ్యవసాయాధికారి ఇది మంచు కాదు, ఎరువు లోపం కాదు అని చెప్పగలిగినాడు. విచక్షణ లేకుండా మందులు కలిపి కొడితే మేలు చేసే పురుగులు చచ్చి చీడ మరింత పెరుగుతుందని, నీలిరంగు జిగురు అట్టలు కట్టుమని, వేపనూనె వాడుమని సలహా ఇచ్చినాడు. ఆ ఏడు ఆ తోటలో పంట దక్కలేదు. దుకాణంలో నాలుగవసారి అప్పు పెట్టకుండా మాత్రం ఆ తండ్రి ఆగినాడు. చిత్రం ఇంకొక నెల ముందు తీసి ఉంటే బాగుండేదని మా విద్యార్థి అన్నమాట మేము మరువలేదు.

వల ముడిని వేలు చూడగలదు. పూవు లోపలి పురుగును వేలు చూడలేదు. మత్స్యకారునికి మేము ఇవ్వవలసిన జవాబు ఇదే.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. +4, +10 కటకాలు ఆరేసి కొని, గ్రంథాలయ పుస్తకాల వలెనే సంతకం తీసుకుని విద్యార్థులకు ఇవ్వవలసినదిగా కోరుతున్నాము. మన విద్యార్థులలో మిరప, పత్తి పొలాల నుండి వచ్చేవారు ఎందరో ఉన్నారు. పూత దశ మొదలు కాకముందే అవి వారి ఇళ్లకు చేరడం మంచిది.