మీకు తెలుసా? శనివారం ఆగిన గానుగ

మహారాష్ట్రలో, కొంకణ్ తీరాన, గానుగ ఆడించి బతికిన యూదులు బెనె ఇజ్రాయెల్‌లు. వారి ధర్మశాస్త్రం ప్రకారం శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చీకటి పడేదాకా ఏ పనీ చేయకూడదు. ఊరంతా పనిలో ఉన్నా వీళ్ల గానుగ కదిలేది కాదు. అందుకే 'శనివార్ తేలీ'లని, అంటే శనివారపు గానుగవాళ్లని, పేరొచ్చింది.

ఇంత నిష్ఠగా ఉన్నవాళ్లనే, ఇజ్రాయెల్‌కు వెళ్లాక, అక్కడి ప్రధాన రబ్బీలు (యూదు మతగురువులు) శంకించడం బాధాకరం. 1960ల తొలినాళ్లలో పెళ్లికి ముందు వీళ్ల వంశం ఆరా తీయాలన్నారు. అక్కడ యూదుల పెళ్లిళ్లు రబ్బీల చేతిలోనే ఉంటాయి మరి. బెనె ఇజ్రాయెల్‌లు ఆందోళనకు దిగి, 1964లో ఆ ఆదేశం మార్పించుకున్నారు.

ఇక ఇక్కడ, మహారాష్ట్ర ప్రభుత్వం 2016లో యూదులకు మైనారిటీ హోదా ఇచ్చింది. మన తెలుగునాట, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఇలాగే సబ్బాతు (శనివారపు విశ్రాంతి) పాటించే తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.