జీపీఏ రద్దు: కాగితం రాస్తే చాలదు, తెలియాల్సినవాళ్లకు తెలియాలి

అనంతపురం, కదిరి, ధర్మవరం, హిందూపురం వైపు మన కుటుంబాలకు జీపీఏ అనే మాట కొత్తది కాదు. వానలు పడక, బోర్లు ఎండిపోయి, శనక్కాయ పంట చేతికి రాక ఒకరు కువైట్‌కో సౌదీకో పోతారు, ఇంకొకరు బెంగళూరుకు పోతారు. ఊర్లో ఉన్న పొలం, ఇల్లు చూసుకోమని తమ్ముడికో బావకో పవర్ రాసిస్తారు. పెద్దలు దీన్నే ముఖ్తార్‌నామా అనేవాళ్లు. రాసిచ్చేటప్పుడు పెద్ద కష్టం ఉండదు. వెనక్కి తీసుకోవాల్సి వచ్చినప్పుడే చిక్కులు మొదలవుతాయి.

చాలామంది ఫోన్ చేసి "ఇకమీదట నా పొలం జోలికి పోవద్దు" అని చెప్పి, అంతటితో పని అయిపోయిందనుకుంటారు. చట్టం అలా చూడదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం, రద్దు సంగతి పవర్ తీసుకున్న మనిషికి తెలిసినప్పటి నుంచే అతని విషయంలో అమలవుతుంది. కొనేవాళ్లు, బ్యాంకువాళ్లలాంటి బయటివాళ్ల విషయంలో వాళ్లకు తెలిసినప్పటి నుంచే అమలవుతుంది.

ఉదాహరణకు, కువైట్‌లో ఉన్న అన్న కదిరి దగ్గరి 4 ఎకరాల మీద తమ్ముడికి ఇచ్చిన పవర్‌ను ఫోన్లోనే రద్దు చేశాడనుకుందాం. నెల తర్వాత తమ్ముడు అదే జీపీఏ చూపించి పొలం అమ్మేశాడు. కొన్నవాడికి రద్దు సంగతి నిజంగా తెలియకపోతే, ఆ అమ్మకాన్ని కొట్టేయించడం అన్నకు చాలా కష్టం.

హనఫీ ఫిఖ్హ్‌లో కూడా ఇదే తీరు ఉంది. వకీల్‌ను తొలగిస్తే, ఆ సంగతి అతనికి చేరేదాకా అతను చేసిన పని చెల్లుతుంది.

రద్దు చేయాలంటే ఏం చేయాలి?

ముందు లాయర్‌తో రద్దు పత్రం రాయించండి. పాత జీపీఏ నంబరు, తేదీ, ఏ ఆఫీసులో రాశారో, ఏ సర్వే నంబర్ల ఆస్తో అందులో ఉండాలి. జీపీఏ రిజిస్టర్ అయ్యుంటే రద్దు పత్రాన్ని కూడా అదే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. ఆస్తి వేరే ఆఫీసు పరిధిలో ఉంటే అక్కడ కూడా ఒక కాపీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

తర్వాత పవర్ తీసుకున్న మనిషికి నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపాలి. వాట్సాప్‌లో కూడా పెట్టండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఒరిజినల్ జీపీఏ, పాస్‌బుక్ వెనక్కి అడగండి. బ్యాంకుకు, కౌలుదారుకు, ఇంట్లో బాడుగకు ఉన్నవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. జిల్లాలో నడిచే దినపత్రికలో ప్రకటన వేయిస్తే, కొనాలనుకునేవాళ్లకు తెలిసే అవకాశం పెరుగుతుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు రద్దు పత్రం మీద ఇండియన్ ఎంబసీలో సంతకం చేసి అటెస్ట్ చేయించుకోవాలి. అక్కడ సంతకం చేసిన కాగితానికి ఇండియా చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఇదంతా అయ్యేదాకా ఆగకుండా నోటీసు మాత్రం వెంటనే పంపేయండి.

రద్దు కాని జీపీఏలు కూడా ఉన్నాయి

అప్పు ఇచ్చినవాడు "హామీ కోసం" అని జీపీఏ రాయించుకుని, పొలం అమ్మి తన బాకీ తీసుకునే అధికారం అందులో పెట్టించుకుంటే, దాన్ని మీ ఇష్టప్రకారం రద్దు చేయలేరు. కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ దీనికి అడ్డం వస్తుంది. మీరు చనిపోయినా అది ముగియదు. బిల్డర్‌తో చేసుకున్న డెవలప్‌మెంట్ ఒప్పందంలోని జీపీఏకీ ఈ చిక్కే వస్తుంది. కరువులో అప్పు ఎంత అవసరమైనా అప్పిచ్చినవాడికి జీపీఏ రాసివ్వద్దు. రాయక తప్పదనుకుంటే లాయర్‌కు చూపించకుండా సంతకం పెట్టొద్దు.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. జీపీఏ ఉన్నంత మాత్రాన ఎవరూ ఆస్తికి యజమాని కారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది.

రద్దు చేయకుండానే ముగిసేది ఎప్పుడు?

మామూలు జీపీఏ, ఇచ్చిన మనిషి చనిపోతే ముగుస్తుంది. అబ్బా పోయాక ఆయన ఇచ్చిన పవర్‌తో పెద్దకొడుకు పొలం అమ్మడానికి లేదు. అప్పటికి అది వారసులందరిదీ. భార్యకు, కూతుళ్లకు షరీఅత్ ప్రకారం వాటా ఉంది. అందుకే మరణం సంగతిని కూడా వెంటనే సబ్ రిజిస్ట్రార్‌కు, బ్యాంకుకు రాతపూర్వకంగా తెలపాలి.

మతిస్థిమితం పోయినా మామూలు జీపీఏ ముగుస్తుంది. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ అని ఉంది. రాసిన మనిషి స్పృహలో లేకపోయినా అది నడుస్తుంది. మన దగ్గర మామూలు జీపీఏకి ఆ బలం లేదు. జ్ఞాపకశక్తి పూర్తిగా పోయిన తల్లిదండ్రుల ఆస్తి విషయంలో కోర్టు ద్వారానే దారి వెతుక్కోవాలి.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. "పాస్‌బుక్ మార్పించడానికే" అని అన్నదమ్ములు సంతకం అడిగితే, అందులో అమ్మే అధికారం ఉందో లేదో చదివించుకోండి. ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే, మీ వాటా మేరకు రద్దు ఎలా చేయాలో అడగండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసాయం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు.

పవర్ రద్దు చేసినవాళ్లు, చేయాలనుకుంటున్నవాళ్లు ఇప్పుడే ఒక ఈసీ తీయించండి. మీకు తెలియకుండా అమ్మకం రిజిస్టర్ అయ్యుంటే అందులో కనబడుతుంది. ఆ పత్రాన్ని రద్దు చేయమని కోర్టుకు వెళ్లడానికి, సంగతి తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు.