లోలకంలో రెండు నిత్యత్వ నియమాలు

భౌతికశాస్త్రంలో నిత్యత్వ నియమాలకున్న గౌరవం అంతా ఇంతా కాదు. శక్తి పుట్టదు, నశించదు అని పిల్లలు చిన్న తరగతులలోనే వల్లిస్తారు. పై తరగతులకు వచ్చాక కోణీయ ద్రవ్యవేగం కూడా అలాగే నిలిచి ఉంటుందని నేర్చుకుంటారు. చిక్కు ఆ తరువాతనే మొదలవుతుంది. ఒక లెక్కను ముందుంచి, ఇక్కడ ఏ నియమాన్ని వాడాలని అడిగితే చాలామంది "రెండూ" అంటారు. ఆ జవాబు ఎందుకు చెల్లదో చూపడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. ఒక మీటరు దారం, 200 గ్రాముల ఇనుప గుండు, ఒక స్టాండు చాలు.

ముందుగా పదాల అర్థం చూద్దాం. ఒక బిందువు చుట్టూ వృత్తాకారంలో తిరిగే చిన్న వస్తువు ద్రవ్యరాశిని, దాని వేగాన్ని, ఆ బిందువు నుండి దాని దూరాన్ని గుణిస్తే వచ్చేది కోణీయ ద్రవ్యవేగం. దీనిని మార్చగలిగేది బలభ్రామకం, అంటే ఆ బిందువు చుట్టూ వస్తువును తిప్పజూసే బలప్రభావం. తలుపును మడతబందుల వైపుకే నెడితే ఎంత బలం ప్రయోగించినా అది తిరగదు. బలం కేంద్రం గుండా పోతున్నది కనుక బలభ్రామకం సున్న. శక్తిని మార్చేది మాత్రం బలభ్రామకం కాదు, పని. బలం పనిచేసే దిశలో వస్తువు కొంతైనా జరిగితేనే పని జరిగినట్లు. ఈ భేదాన్ని మనసులో ఉంచుకుంటే తక్కినదంతా సులువు.

మామూలుగా ఊగే లోలకాన్నే చూడండి. గాలి నిరోధాన్ని విస్మరిస్తే దాని మొత్తం శక్తి మారదు. కోణీయ ద్రవ్యవేగం మాత్రం క్షణక్షణమూ మారుతూనే ఉంటుంది: రెండు కొసల వద్ద సున్న, అట్టడుగున గరిష్ఠం. గుండు పక్కకు జరిగినప్పుడల్లా దాని బరువు ఆధార బిందువు చుట్టూ బలభ్రామకాన్ని కలిగించడమే ఇందుకు కారణం. గుండు సరిగ్గా కిందికి వచ్చిన క్షణంలో మాత్రం బరువు, దారంలోని తన్యత రెండూ ఆధార బిందువు గుండానే పోతాయి. అప్పుడు బలభ్రామకం ఉండదు. మన ప్రయోగాలు రెండూ ఆ క్షణాన్ని ఆసరా చేసుకున్నవే. రెండింటిలోనూ లోలకాన్ని పొట్టి చేస్తాము, కాని వేర్వేరు పద్ధతులలో.

మొదటిది గెలీలియో 1638లో ప్రచురించిన 'రెండు నూతన శాస్త్రాలు' గ్రంథంలో వర్ణించినది. ఆధార బిందువుకు సరిగ్గా 50 సెం.మీ. దిగువన ఒక మేకును అడ్డుగా బిగించండి. గుండును పక్కకు సుమారు 31 సెం.మీ. లాగితే అది అట్టడుగు స్థానం కంటే 5 సెం.మీ. ఎత్తుకు చేరుతుంది. అక్కడి నుండి వదలితే, అట్టడుగుకు వచ్చేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 1 మీటరు. అంతలో దారం మేకుకు తగులుతుంది. అక్కడి నుండి గుండు అర మీటరు లోలకంగా ఊగుతుంది. ఇప్పుడు ఎంత ఎత్తుకు పోతుంది? "దూరం సగమైంది, కోణీయ ద్రవ్యవేగం మారదు, కాబట్టి వేగం రెట్టింపు" అని వాదించే విద్యార్థి లెక్క ప్రకారం 20 సెం.మీ. ఎత్తుకు పోవాలి. అది పోయేది 5 సెం.మీ. మాత్రమే. వెనుక గోడకు గీతలు గీసిన కాగితం అతికిస్తే కంటితోనే చూడవచ్చు.

వాదంలో దోషం ఎక్కడున్నది? కోణీయ ద్రవ్యవేగాన్ని ఏ బిందువు నుండి కొలుస్తున్నామో అతడు మధ్యలో మార్చివేశాడు. దారం తగలడానికి ముందు పై ఆధారం నుండి, తగిలిన తరువాత మేకు నుండి కొలిచాడు. ఏదో ఒక బిందువునే పట్టుకుంటే, తగిలే క్షణంలో ఏ విలువా మారదు. ఇక శక్తి సంగతి: మేకు కదలదు, గుండు ఎప్పుడూ దారానికి లంబంగానే కదులుతుంది, కాబట్టి తన్యత చేసే పని ఏమీ లేదు.

రెండవ ప్రయోగానికి మేకు తీసివేసి, బాల్‌పెన్ గొట్టాన్ని స్టాండుకు నిలువుగా బిగించండి. దారాన్ని గొట్టం గుండా పైకి పోనిచ్చి కొసను చేతితో పట్టుకోవాలి. గొట్టం మూతికి 20 సెం.మీ. దిగువన దారానికి పెద్ద ముడి వేస్తే, లాగినప్పుడు అది మూతికి తగిలి ఆగుతుంది. వెనుకటిలాగే 5 సెం.మీ. ఎత్తు నుండి వదలి, గుండు అట్టడుగుకు రాగానే దారాన్ని చురుకుగా పైకి లాగండి. ఈసారి బలమంతా గొట్టం మూతి వైపే ఉన్నది, కోణీయ ద్రవ్యవేగం మారదు. పొడవు 1 మీటరు నుండి 0.8 మీటరుకు తగ్గితే వేగం 1.25 రెట్లు, గతిజ శక్తి 1.56 రెట్లు అవుతాయి. కొత్త అట్టడుగు నుండి గుండు 7.8 సెం.మీ. లేవాలి. మన చేయి మెరుపు కాదు కనుక ఆ మేరకు కొంత తగ్గుతుంది. అయినా 5కూ దానికీ గల తేడా స్పష్టంగానే కనబడుతుంది.

ఈ అదనపు శక్తి ఇచ్చినది మన చేయి. గుండు బరువును 20 సెం.మీ. లేపడానికి 0.39 జౌలు పని కావాలి. అయితే దారం గుండు బరువును మోయడమే కాదు, దానిని వృత్తంలో వంచుతూ కూడా ఉన్నది. ఆ అభికేంద్ర బలానికి సాటిగా లాగినందుకు చేయి మరో 0.055 జౌలు చెల్లించింది. సరిగ్గా అంతే గతిజ శక్తి గుండుకు చేరింది. రసాయన శాస్త్రంలో మేము ఉష్ణం లెక్క వేసేటప్పుడు మొట్టమొదట వ్యవస్థ ఏది, పరిసరాలు ఏవి అని గీత గీసుకుంటాము. భౌతికశాస్త్ర పాఠాలలో ఈ గీతను చూపకుండానే సూత్రాలు ఒప్పజెప్పించడం నాకు నచ్చదు. చేతిని గీతకు లోపల పెడితే శక్తి నిత్యత్వానికి భంగమేమీ లేదు. బయట పెడితే శక్తి బయటి నుండి వచ్చింది.

స్పెయిన్‌లోని సాంటియాగో డి కంపోస్టెలా చర్చిలో 50 కిలోలకు పైబడిన ధూపపాత్రను ఎనిమిది మంది కలిసి ఊపేది ఈ కిటుకుతోనే. పాత్ర అట్టడుగుకు వచ్చినప్పుడు మోకును లాగుతారు, కొసకు చేరినప్పుడు వదులుతారు. మన అట్లతద్ది ఉయ్యాల కూడా ఇదే. బల్ల మీద నిలుచున్న అమ్మాయిలు కొసల వద్ద మోకాళ్ళు వంచి కుంగుతారు, కిందికి రాగానే నిటారుగా లేస్తారు. గరిమనాభి కొమ్మకు 3 మీటర్ల దిగువన ఉండి, లేచినప్పుడు 20 సెం.మీ. పైకి జరుగుతుందనుకుంటే, ప్రతి లేపుతోనూ ఊగే కోణం సుమారు 11 శాతం పెరుగుతుంది. గాలినీ కొమ్మ రాపిడినీ లెక్కించకపోతే ఏడు లేపులకు రెట్టింపవుతుంది. లేచేటప్పుడు కాళ్ళు బరువుతో పాటు అభికేంద్ర బలాన్నీ భరిస్తాయి. కొసల వద్ద కుంగేటప్పుడు వేగం లేదు కనుక ఆ రెండవ భారం లేదు. ఇచ్చిన దానికీ తిరిగి వచ్చిన దానికీ గల ఆ తేడాయే ఉయ్యాలను ఎత్తుకు తీసుకుపోతుంది.

అయితే నిశ్చలంగా వేలాడే ఉయ్యాల మీద నిలబడి ఎన్నిసార్లు కుంగి లేచినా అది ఊగదు. కోణీయ ద్రవ్యవేగం సున్న అయినప్పుడు పొడవును ఎంత తగ్గించినా సున్నగానే ఉంటుంది. అందుకే మొదట ఎవరో ఒకరు కింద నిలబడి తోయవలసి వస్తుంది. కూర్చుని వెనుకకు వాలి, కాళ్ళు చాచి తనంతట తానే ఊపు తెచ్చుకోవడం వేరే విద్య. దాని లెక్క వేరు.