తెగిన పోగు, కొత్త కొసలు

ధర్మవరమునుండి ఒక పాఠకుడు, మగ్గపుపని చేయువారి యింటివాడట, పంపిన ప్రశ్న కొంతకాలముగ నన్ను వేఱొక పని చేయనీయకున్నది: "పట్టుపోగు తెగినచో రెండు కొసలు చేతికి వచ్చును గదా, క్వార్కులను కట్టియుంచు బంధము తెగినపుడు మాత్రము ఒంటరి క్వార్కు ఏల దొరకదు?" పాఠ్యపుస్తకములు ఇంత సూటిగ అడుగవు.

మొదటిపాఠము త్వరగ ముగించెదను. క్వార్కులు ఆఱు జాతులు. వానిలో అప్, డౌన్, స్ట్రేంజ్ అనునవి తేలికైనవి, చార్మ్, బాటమ్, టాప్ అనునవి భారమైనవి. క్వార్కు, ప్రతిక్వార్కు జతకూడినది మెసాను. మూడు క్వార్కులు కూడినది బేరియాను. ఈ రెంటికిని హాడ్రానులని పేరు. టాప్ క్వార్కు హాడ్రానుగ మాఱుటకు వ్యవధి చాలకయే నశించును గనుక దానిని విడిచెదను.

విద్యుదావేశముల నడుమ బలరేఖలు నలువైపుల విప్పారును. క్వార్కుల నడుమనుండు వర్ణక్షేత్రమో, దాని వాహకకణములగు గ్లూవానులు తమలో తామే పెనగొనుటచే, అట్లు విప్పారక సన్నని తంత్రిగ బిగుసుకొనును. పట్టుపోగును లాగినకొలది బిగువు హెచ్చును. ఈ తంత్రి యెంత సాగినను బిగువు మాఱదు, నిడివి మాత్రమే పెరుగును. పెరిగిన ప్రతి ఫెర్మీకిని, అనగా మీటరులో పదికోట్ల కోట్లవ వంతునకు, ఇంచుమించు ఒక ప్రోటాను సృష్టికి చాలినంత శక్తి అందు నిలువయగును. ఆ బిగువు సుమారు 16 టన్నుల బరువునకు సమానము: పెనుకొండ చెంత ఎఱ్ఱమంచిలోని కియా కర్మాగారమున తయారగు కార్లు డజను తూగినంత.

శక్తి యింతగ కూడినపుడు శూన్యమునుండియే ఒక క్వార్కు, ప్రతిక్వార్కు జంట జనించి తంత్రిని తెంచును. మగ్గముపై పడుగుపోగు తెగినపుడు నేతగాడు మగ్గము నాపి, కొసలు వెదకి, వ్రేళ్ళతో నులిమి అతుకును. ఇచ్చటనో, తెగినచోటనే కొత్త కొసలు రెండు క్వార్కులై పుట్టి, చెఱియొక తునుకను పూర్తి మెసానుగ ముగించును. ధర్మవరపు సోదరునికి ఇదియే నా జవాబు. 1974లో ఆర్త్రు, మెన్నెస్సియే అనువారు సూచించిన ఈ భావమును స్వీడనునందలి లుండ్ నగరమున ఆండర్సన్, గుస్టాఫ్సన్ ప్రభృతులు సాంగోపాంగమైన గణనపద్ధతిగ తీర్చిరి.

ఇందలి సొగసు ఇంకను మిగిలియున్నది. జంట పుట్టుటకు శక్తి యను గోడను క్వాంటం సొరంగముద్వారా దాటవలెను. క్వార్కు బరువెక్కినకొలది ఆ సొరంగము నిర్దాక్షిణ్యముగ మూసికొనును. అప్ జంటలు, డౌన్ జంటలు పదేసి పుట్టుచోట స్ట్రేంజ్ జంటలు మూడు పుట్టును. చార్మ్ జంటయో, పదివేల కోట్లకు ఒకటి. కావున తంత్రి తెగినపుడు భారక్వార్కు పుట్టదనియే చెప్పవచ్చును. అది తొలి ఘర్షణయందే జనించి, తంత్రి కొసను పట్టుకొని, హాడ్రాను పుట్టుకను ఆద్యంతము చూచిన సాక్షియై వచ్చును. తేలికక్వార్కులవలె ఇదియు తన శక్తిని తునుకలకు పంచిపెట్టునని తలచుట పొరపాటని 1977లో సుజుకి, 1978లో బ్యోర్కెన్ వాదించిరి: బరువైనది తేలికదానిని వెంటగొనిపోవునే గాని దానికై నిలువదు. జెనీవాలోని లెప్ యంత్రమున బాటమ్ హాడ్రానులు పుంజశక్తిలో సుమారు 70 శాతము తామే నిలుపుకొనుట ఆ వాదమును స్థిరపఱచెను.

జపానులోని బెల్-2 ప్రయోగమున ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఘర్షణయందు బాటమ్ జంట జనించినపుడు తంత్రి ఒక్కమారే తెగును. అందు మన హైదరాబాదు ఐఐటీవారును భాగస్వాములు. ఆ ప్రయోగపు ఘర్షణశక్తి 10.58 జీఈవీ (నూఱుకోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక జీఈవీ), బాటమ్ క్వార్కుగల బి మెసానులు రెంటి బరువు 10.56. మిగులు, మెసానులలో అతితేలికైన పయాను ఒకదానికైనను చాలదు. కావున రెండు మెసానులు తప్ప మఱేమియు వెలువడవు. ఇంత పొదుపైన ఏర్పాటు నాకు వేఱొండు కనబడలేదు.

పొరపాటుల మాట వచ్చినది గనుక పెద్దదానిని చెప్పెదను. చార్మ్ క్వార్కు ఏ హాడ్రానుగ ఎంతవంతు మాఱునో ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఘర్షణలలో కొలిచి, ఆ నిష్పత్తులే సర్వత్ర చెల్లునని పండితులు దశాబ్దములు నమ్మిరి. జెనీవా చెంతనున్న సెర్న్ ప్రయోగశాలలోని ఆలిస్ బృందము 2022లో ప్రచురించిన ఫలితములు ఆ నమ్మికను కూల్చెను: లాంబ్డా-సి బేరియానుగ మాఱునది ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఘర్షణలలో నూటికి 6 వంతులు కాగా, ప్రోటానుల ఘర్షణలలో 20 వంతులు! ప్రోటానులు ఢీకొనునపుడు అనేక తంత్రులు ఒకేచోట గుమిగూడును. అందు మూడు కలిసి త్రిముఖసంధి ఏర్పడినచో, అచ్చట బేరియాను జనించునని క్రిస్టియన్సెన్, స్కాండ్స్ 2015లోనే వ్రాసియుండిరి. ఇంకను కనుగొనని బేరియానులు క్షీణించి లాంబ్డా-సి సంఖ్యను పెంచుచున్నవని మఱికొందఱి పక్షము. అది అసంభవము కాదు, కాని లెక్క కుదురుటకై కనబడని బంధువులను పిలుచుకొనుట నాకు రుచింపదు.

ఇందువలన ప్రయోజనమేమని అడుగువారు ఎప్పుడును ఉందురు. వారితో నాకు పేచీ. అయినను చెప్పుచున్నాను: ధర్మవరము, పెనుకొండ, హిందూపురములమీదుగ రైలెక్కినచో చేరు బెంగుళూరున, భారత్ ఎలక్ట్రానిక్స్‌వారు సెర్న్ సీఎంఎస్ ప్రయోగమునకై సిలికాన్ పట్టీల శోధకములను వేయికి మించి తయారుచేసిరి. ఆ విద్య దేశమున నిలిచినది. ప్రయోజనము కావలసినవారు అచ్చట విచారింపవచ్చును. నాకు ఆ త్రిముఖసంధితోనే తీరిక లేదు.