నలుపైతే నయం!

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టిందంటే గజ్జల్లో బిళ్ల కడుతుంది. ఆ బిళ్ల మరేదో కాదు... వాచిన లింఫు గ్రంథే. ఒంట్లో చొరబడ్డ సూక్ష్మజీవుల్ని అడ్డుకునే కాపలాదారు అది. చిక్కేమిటంటే, క్యాన్సర్ కణాలు కూడా తరచూ ఆ దారినే పాకుతాయి.

అవి గ్రంథిదాకా వచ్చాయా లేదా అన్నది తేలితేగానీ ఆపరేషన్ చాలా, రేడియేషన్, మందులు కూడా కావాలా అన్నది తేలదు. మామూలు ఎమ్మారైలో డాక్టర్లు ముఖ్యంగా చూసేది గ్రంథి సైజునే. 8-10 మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తారు. కానీ చిన్న ఇన్‌ఫెక్షన్‌కీ గ్రంథి ఉబ్బుతుంది. ఉబ్బని గ్రంథిలోనూ క్యాన్సర్ నక్కి ఉండొచ్చు. మరి కనిపెట్టేదెలా?

ఇనుము సాయంతో!

అతి సూక్ష్మమైన ఐరన్ ఆక్సైడ్ రేణువులకు డెక్స్‌ట్రాన్ అనే పిండిపదార్థాన్ని తొడిగి చేసిన మందు ఫెరుమాక్స్‌ట్రాన్-10. దీన్ని సెలైన్‌లా నెమ్మదిగా రక్తంలోకి ఎక్కిస్తారు. మర్నాడు స్కానింగ్ చేస్తారు. ఈలోగా రేణువులు లింఫు గ్రంథుల్లోకి చేరతాయి. అక్కడుండే మాక్రోఫేజ్ కణాలు వాటిని మింగేస్తాయి. ఇనుము అయస్కాంత సంకేతాన్ని చెదరగొడుతుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న గ్రంథి స్కానింగ్‌లో నల్లగా కనిపిస్తుంది. క్యాన్సర్ ఆక్రమించిన చోట మింగే కణాలుండవు. అందుకే అక్కడ తెల్లగానే మిగిలిపోతుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు చెందిన ముకేష్ హరిసింఘాని బృందం, నెదర్లాండ్స్ వైద్యులతో కలిసి 80 మంది ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులపై దీన్ని పరీక్షించింది. 2003లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షించిన 334 గ్రంథుల్లో 63 క్యాన్సర్ సోకినవి. వాటిలో 45... మామూలు స్కానింగ్ లెక్కల ప్రకారం అనుమానించదగ్గవే కాదు! మామూలు ఎమ్మారై సోకిన గ్రంథుల్లో 35 శాతాన్నే పట్టుకుంటే, ఇనుప రేణువులు తోడయ్యాక అది 90 శాతం దాటింది.

ఇక వాడుకలోకి రావడమే తరువాయి అనుకున్నారంతా. అలా జరగలేదు. 2005లో అమెరికా ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం అనుమతికి సుముఖత చూపలేదు. 2007లో ఐరోపాలో దరఖాస్తును కంపెనీయే వెనక్కి తీసుకుంది. తర్వాత కొన్నేళ్లకు నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ నగరంలో రాడ్‌బౌడ్ వైద్యుల చొరవతో ఆ మందు తయారీ మళ్లీ మొదలైంది.

ఆ 45 గ్రంథుల్లాంటివి తమ ఒంట్లో ఉన్నాయేమోనన్న భయంతో స్కానింగ్ గది బయట కూర్చునేవాళ్లకు, బొమ్మలో ఓ నల్లమచ్చను మించిన శుభవార్త లేదు మరి!