మానశబ్దము: ఒక కరుణరస చలనచిత్రము

సంస్కృతమున మానశబ్దము రెండు విధములు. జ్ఞానార్థకమగు మనధాతువునకు ఘఞ్ ప్రత్యయము చేరఁగాఁ బుంలింగమై యాత్మగౌరవమును దెలుపును. మాఙ్ ధాతువునకు ల్యుట్ ప్రత్యయము చేరఁగా నపుంసకమై కొలతను దెలుపును. తెలుఁగున రెండును మానమనియే నిలిచినవి. ఈ రెంటి సంఘర్షణమే వస్తువుగాఁ గల యొక చలనచిత్రమును బండితులయెదుట నుంచుచున్నాను.

అది 2003వ సంవత్సరమున వెలువడిన ‘హౌస్ ఆఫ్ శాండ్ అండ్ ఫాగ్’. మూఁడవ ఆంద్రే డ్యూబస్ 1999లోఁ బ్రకటించిన నవల దీనికి మూలము. దర్శకుఁడు వాడిమ్ పెరెల్‌మన్, నాదీపాత్రధారిణి షోహ్రే అగ్దష్లూ స్వయముగా జన్మభూమిని వీడి వచ్చినవారే.

నాయకుఁడు బెహ్రానీ ఇరాను దేశమున షా సైన్యమునఁ గర్నలు. విప్లవానంతరము కాలిఫోర్నియా చేరి పగలు రహదారిపనిలోఁ గూలియై, రాత్రి యంగడిలోఁ గొలువు సేయును. అయినను దేహశుద్ధి చేసికొని సూటు ధరించి కాని యింటికి రాఁడు. పన్నువిషయమున నధికారులు చేసిన పొరపాటున వేలమునకు వచ్చిన యింటిని నాలవవంతు వెలకుఁ గొనెను. అది కాథీ యను స్త్రీకిఁ దండ్రివలన సంక్రమించిన యేకైకాధారము. ఆమెకది పితృధనము, అతనికి న్యాయక్రీతము.

బెహ్రానీ నిర్దోషి యని నే ననను. ఇచ్చిన సొమ్ము మరల నిచ్చెదమన్నను నొల్లక, పూర్తి వెల కోరెను. గౌరవమును మరలఁ బొందుటకుఁ గొలతనే యాశ్రయించుట యతని దోషము. అయినను బ్రాణత్యాగమునకుఁ దెగించి వాకిటఁ గూలిన కాథీని లోనికిఁ గొనివచ్చి, దంపతు లతిథినిగా నాదరింతురు. అచటఁ గొలత యోడి గౌరవము గెలిచినది. ఈ ఘట్టము లేనిచో నతని పతనము మనకు శోకమును గలిగింపదు.

విప్రలంభము సాపేక్షభావము, కరుణము నిరపేక్షభావమని భరతుఁడు భేదము చెప్పెను. కాస్పియను తీరమునఁ గోల్పోయిన గృహమును దలఁచుచు, సముద్రము కనఁబడునట్లు మేడపై వేదిక కట్టించువఱకు బెహ్రానీ చింత సాపేక్షమే. కుమారుఁడు రక్షకభటుల తుపాకిదెబ్బకుఁ గూలఁగా నది నిరపేక్షమైనది. ఇల్లెవరిదను ప్రశ్నయే యర్థహీనమైనది. తుదకు భార్యకు విషమిచ్చి, తాను సైనికవేషము ధరించి ప్రాణములు విడుచును. కూలితనమును గప్పిన సూటునకు నీ వేషమునకు నడుమనే కథయంతయు నున్నది.

రంగమున మరణము నిషిద్ధము గదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. భాసుని ఊరుభంగమున దుర్యోధనుఁడు రంగముననే మరణించును. కరుణప్రధానమగు నుత్సృష్టికాంకము మన దశరూపకములలోనిదే. కావున నిది మన లక్షణదృష్టికి వెలియైనది కాదు. దేశము గోల్పోయినవానికి మిగులునది మాన మొక్కటియే. దానిని వెలకట్టి కొనఁజూచిన నదియు నిలువదని యీ కృతి బోధించుచున్నది.